యాపిల్ కట్టె పొగ

జనవరి 18, శనివారం

చచ్చాను.

ఈ రోజు క్లబ్బు మీటింగు. బారు వెనక గదిలో ఎప్పటిలాగే పన్నెండు మంది మగవాళ్లు, తొమ్మిది గడ్డాలు, నేను. ఇంట్లో బీరు కాచుకునేవాళ్లమంతా కలిసి ఈ క్లబ్బు పెట్టుకుని మార్చికి నలభై ఏళ్లట. ప్రెసిడెంటు ఓరిన్ టెష్ లేచి గ్లాసు మీద చెంచాతో మోగించారు. ఎనభై దాటిన మనిషి. నాకు బీరు కాయడం నేర్పింది ఆయనే. ఆయన ఏదైనా అడిగితే కాదనడం నాకు చేతకాదు.

"మార్చి పదిహేనున అందరం వెర్నా ఇంట్లో కలుద్దాం. పోయినేడు పోటీలో బహుమతి రిబ్బను తెచ్చిన ఆ గోధుమ బీరే తాగుదాం. దానికి పొగ ఎలా పట్టిస్తుందో కూడా చూపిస్తుంది. ఏమ్మాయ్, చూపిస్తావుగా?"

తలూపాను. ఇంకేం చెయ్యను?

డ్వేన్ హాక్‌బార్త్ ఊరుకుంటాడా! పోటీల్లో మా బీర్లకు మార్కులు వేసే జడ్జి అతనే. తన బ్రౌన్ బీరుకు బయటి పోటీల్లో మూడుసార్లు రిబ్బను వచ్చింది. అందులో ముదురు పాకంలాంటి టాఫీ రుచి వస్తుంది, అదెలా వస్తుందయ్యా అంటే కన్ను కొట్టి "చేతి మహిమ" అంటాడు. అలాంటివాడు గడ్డం గోక్కుంటూ అడిగాడు.

"యాపిల్ కట్టె పొగ అన్నావు కదా వెర్నా. మీ పెరట్లో ఒక్క యాపిల్ చెట్టు కూడా లేదే. కట్టె ఎక్కడిది?"

"మా అక్క డోర్ కౌంటీలో ఉంటుందిగా, అక్కడంతా యాపిల్ తోటలే" అన్నాను.

అబద్ధం కాదు. అక్క అక్కడే ఉంటుంది. మూడో అంతస్తులో.

జనవరి 19

మంచు పడుతూనే ఉంది. మా ఆయన మైరన్ వాకిట్లో రెండుసార్లు తోశాడు. నేను కింద బేస్‌మెంట్‌లోకి వెళ్లలేదు.

జనవరి 21

ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు. మా ఆయనకు నా చేతిరాత అర్థమై చావదు. కాబట్టి ఇక్కడైనా రాసేస్తాను.

యాపిల్ కట్టె లేదు. ఏ కట్టే లేదు. ఆ పొగ నా కాయిల్‌ది.

నా గంగాళం అడుగున కరెంటు కాయిల్ ఉంటుంది, నీళ్లు కాగేది దానితోనే. గోధుమ బీరు కాచినప్పుడల్లా పిండి దిగి దాని మీద కూర్చుని మాడుతుంది. మొదటిసారి ఆ నలుపు చూసినప్పుడు నేను సంతోషించాను, అదీ నా తెలివి. మా అమ్మకు ఒక ఇనప పెనం ఉండేది. నలుపెక్కితేనే వంట కుదురుతుందనేది. దానికి సబ్బు తగిలిందంటే ఇల్లు ఎగిరిపోయేలా అరిచేది. కాయిల్ కూడా అంతే కాబోలనుకుని రెండేళ్లు దాన్ని తోమలేదు. ఒకసారి నూనె రాయబోతే మైరన్ ఆపాడు.

పోయినేడు బీరు పొగవాసన కొట్టింది. పారబోద్దామంటే మైరనే అన్నాడు, "పోటీలో పొగ బీరని ఒక రకం ఉందిగా, అందులో పెట్టెయ్" అని. పెట్టాను. ఫారంలో 'ఏ కట్టె పొగ?' అని ఒక గడి ఉంది. యాపిల్ అని రాశాను. రిబ్బను వచ్చింది. ఈ క్లబ్బులో రిబ్బను తెచ్చిన మొదటి ఆడదాన్ని నేను. ఓరిన్ కళ్లనీళ్లు పెట్టుకున్నారు.

అబద్ధం అనకూడదు. గడి ఖాళీగా వదిలితే ఫారం తీసుకోరు. అక్కడే రాసుంది.

జనవరి 25, శనివారం

ఒకసారి వచ్చింది కదా, మళ్లీ అలాగే కాస్తే మళ్లీ వస్తుందనుకున్నాను. పొద్దున్నే మొదలుపెట్టాను. అదే గోధుమ, చేదుకి వేసే అదే హాప్స్ పువ్వు, అదే నలుపు.

గంట తిరక్కుండానే కాయిల్ మీది మసి పెచ్చులు పెచ్చులుగా లేచి పైకి తేలింది. బంగారు రంగు రావాల్సిన కషాయం మురికి కాలవలా అయింది. గరిటెడు తీసి మైరన్‌కు ఇచ్చాను. నోట్లో పోసుకుని, మింగలేక, ఉమ్మలేక సింకు దాకా పరిగెత్తాడు.

"ఏమే, ఇందులో టైరేమైనా వేశావా?"

ఐదు గ్యాలన్లూ కాలవలోకి పోశాను. పోస్తూ ఏడ్చాను. ఆ ముదనష్టపు రుచి కూడా నేను కావాలనుకుంటే రావడం లేదు!

మార్చి పదిహేనున వాళ్లందరూ నా మెట్లు దిగి వస్తారు. డ్వేన్ గంగాళంలోకి తొంగి చూస్తాడు. ఇంకేముంది, ఊరంతా అదే మాట. నలభై ఏళ్లలో రిబ్బను తెచ్చిన ఒకే ఒక్క ఆడది, అదీ మాడబెట్టి. ఆ మాట నేను పడలేను. ఓరిన్ ముందు అసలు పడలేను.

జనవరి 26

కాయిల్ తోమాల్సిందే. ముందు తోముతాను, మిగతాది తర్వాత చూద్దాం. స్టీలు పీచుతో రెండు గంటలు రుద్దాను. సగం వచ్చింది.

జనవరి 28

స్టీలు పీచు రుద్దినచోటల్లా తుప్పు మచ్చలు. శభాష్ వెర్నా.

జనవరి 30

గంగాళం నిండా వెనిగర్ పోసి కాచాను. తుప్పు పోయింది, నలుపు నవ్వుతూ అక్కడే ఉంది. ఇల్లంతా ఒకటే ఘాటు. మైరన్ కోటు వేసుకుని మఫ్లరు చుట్టుకుని వంటింట్లో నిలబడ్డాడు.

"ఊరగాయ జాడీలో కాపురం చేస్తున్నట్టుంది. నేను మా తమ్ముడింటికి పేకాటకి పోతున్నా. అది బాగుపడితే ఫోన్ చెయ్, పడకపోతే కూడా చెయ్, అన్నానికి వస్తా."

"పో పో. నువ్వే కదా పొగ బీరన్నావు!"

"నేను పొగ అన్నాను. కట్టె అనలేదు తల్లీ."

అని పోయాడు. ఆ మాట పొద్దుటి నుంచి చెవిలో తిరుగుతోంది. కట్టె అనలేదట. పెద్ద సత్యసంధుడు.

ఫిబ్రవరి 3

తినే సోడా ముద్ద. లాభం లేదు. గోళ్లు పోయాయి.

ఫిబ్రవరి 4

రాయడానికి ఏం లేదు.

ఫిబ్రవరి 7, శుక్రవారం

నా బుర్ర ఎక్కడ పెట్టుకున్నాను ఇన్నాళ్లూ!

చేపల వేపుడు తిందామని ఎప్పుడూ వెళ్లే హోటలుకు వెళ్లాం. క్యూలో రూతాన్ కనిపించింది. నాతోపాటు బడి వంటింట్లో పనిచేసిన మనిషి. నా చేతులు చూసి, "ఏంటే వెర్నా, రిటైరయ్యాక కూడా మాడిన మకరోనీ గంగాళాలు తోముతున్నావా?" అంది.

క్యూలోంచి బయటికొచ్చి నిలబడిపోయాను. ఇరవై ఆరేళ్లు! ఇరవై ఆరేళ్లు నాలుగు వందల మంది పిల్లలకు చీజు మకరోనీ కలిపి, అడుగంటిన గంగాళాలు ప్రతి మధ్యాహ్నం తెల్లగా చేసినదాన్ని. మేం ఎప్పుడైనా పీచుతో రుద్దామా? వెనిగర్ పోశామా? బట్టల మరకలు తీసే ఆక్సిజన్ పొడి వేడినీళ్లలో వేసి, మూత పెట్టి, మర్నాటి దాకా దాని మానాన దాన్ని వదిలేసేవాళ్లం. ఆ తర్వాత నిమ్మఉప్పు నీళ్లు. ముందు పొడి, తర్వాత పులుపు. ఈ వరస నిద్రలో అడిగినా చెప్తాను.

బీరు గంగాళం కదా, ఇదేదో గొప్ప విద్య, దీనికి మగవాళ్ల దగ్గరే మందుంటుందని అనుకున్నాను. అదీ నా జబ్బు.

చేపలు పొట్లం కట్టించుకుని ఇంటికొచ్చేశాం. మైరన్ కారులోనే తినేశాడు.

ఫిబ్రవరి 8, శనివారం

రాసి తీరాలి.

నిన్న వస్తూనే గంగాళం నిండా నీళ్లు పోసి, పొడి వేసి, ఆ కాయిల్‌నే వేడిచెయ్యమన్నాను. చెయ్యి పెట్టలేనంత వేడెక్కాక ప్లగ్గు పీకేశాను. తన మురికి తానే ఉడకబెట్టుకుంది. పొద్దున మూత తీస్తే నీళ్లు కాఫీ రంగులో ఉన్నాయి. నీళ్లు తోడేశాను. మెత్తటి ప్లాస్టిక్ బ్రష్షు అలా ఆనించానో లేదో నలుపు జారిపోయింది. రుద్దనే లేదు. ఆనించానంతే. తర్వాత నిమ్మఉప్పు నీళ్లు గంటసేపు. ఆ మిగిలిన తెల్లటి పొర కూడా పోయింది.

అంగుళం అంగుళం చూశాను. వంపుల్లో చూశాను. వెనకవైపు చిన్న అద్దం పెట్టి చూశాను. ఎక్కడా లేదు!

"మైరన్! కిందికి రా! టార్చి తే!"

పడ్డానేమోనని కంగారుగా దిగి వచ్చాడు. టార్చి వేసి చాలాసేపు చూశాడు.

"ఓరి నాయనో. దీని అసలు రంగు ఇదా?"

గెలిచాను. నలభై ఏళ్ల క్లబ్బు కాదు, పన్నెండు మంది మగవాళ్లు కాదు, బడి వంటింటి వెర్నా లూట్కే గెలిచింది. బేస్‌మెంట్‌లో మైరన్‌ను పట్టుకుని పోల్కా డాన్సు ఆడాను. అతని మోకాలు బాగాలేదు, అయినా ఆడాడు.

ఫిబ్రవరి 9

కాయిల్ తెల్లగా ఉంది. ఇక పొగ ఎక్కణ్ణుంచి వస్తుంది?

నిన్న ఇది తోచనే లేదు.

ఫిబ్రవరి 12

మైరన్ ఉపాయం చెప్పాడు. పొగ పట్టించిన గోధుమలు దుకాణంలోనే దొరుకుతాయట. అవి వేసి కాస్తే ఎవరికీ తెలియదట. వెళ్లి ఒక సంచి తెచ్చాను. కొనడంలో తప్పేముంది? అందరూ కొంటారు.

సంచి మెట్ల కింద పెట్టాను. వాసన బాగానే ఉంది. మర్యాదగా ఉంది.

ఫిబ్రవరి 15, శనివారం

రెండు సంచులూ ముందు పెట్టుకుని ఉదయం పదింటి దాకా కూర్చున్నాను. ఒకటి పొగ గోధుమ, ఒకటి మామూలు గోధుమ. పొగది విప్పాను. మళ్లీ కట్టాను.

తోమింది దీనికా? వేళ్లు పగిలేలా తోమి, ఆ తెల్లటి కాయిల్ ముందు కూర్చుని కొత్త అబద్ధం కాచాలా?

మామూలు గోధుమే పోశాను. ఈసారి తొందరపడలేదు. పిండి కిందికి దిగకుండా కషాయాన్ని తేటపడేదాకా గింజల మీద నుంచే మళ్లీ మళ్లీ పోశాను. కాయిల్‌ని సగం బలం మీద పెట్టి, మరిగేదాకా గరిటె వదల్లేదు. అయిపోయాక చూస్తే కాయిల్ మీద పల్చటి మీగడలాంటి పొర. వేలితో తుడిస్తే పోయింది. అంతే.

వాళ్లకేం చెప్తానో తెలియదు. ఇంకా నెల ఉంది.

మార్చి 2

మొదటి గ్లాసు.

దేవుడా.

రొట్టె, లవంగం, కొంచెం అరటిపండు, చివర్న ఎక్కడో నారింజ తొక్క. రెండేళ్లుగా ఇదే బీరు కాస్తున్నాను. ఇదంతా అందులోనే ఉందా? నేనే మసి కింద పాతిపెట్టానా? మెట్ల మీద కూర్చుని గ్లాసు మొత్తం తాగాను. మైరన్‌కు కూడా ఇవ్వలేదు.

మార్చి 7, శుక్రవారం

హోటల్లో డ్వేన్ పక్క బల్ల మీదే కూర్చున్నాడు. రై రొట్టె మీద వెన్న రాసుకుంటూ అందరికీ వినబడేలా అన్నాడు, "ఏం వెర్నా, అక్కగారి కట్టె వచ్చిందా? పొయ్యి దగ్గరికి ఫైరింజను పిలవాల్సి వస్తుందేమో, ముందే చెప్పు!"

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. ఇంటికొచ్చి సొరుగులోంచి పోయినేడు అతను నా బీరుకు రాసిన మార్కుల కాగితం తీసి చదివాను. ఐదుసార్లు చదివాను. మెట్ల కింద అట్టపెట్టెలో ఆ బీరు సీసాలు ఇంకా పదకొండు ఉన్నాయి.

మార్చి 14

రేపే. చెప్పాలో వద్దో తేల్చుకోలేదు. కాదు, తేల్చుకున్నాను. ఓరిన్ మొహం చూస్తూ ఎలా చెప్పాలో తెలియడం లేదు, అంతే.

మార్చి 15, శనివారం

అందరూ రెండింటికి వచ్చారు. బూట్ల మంచు మెట్ల నిండా. మైరన్ పెరట్లో సాసేజీలు కాలుస్తూ తప్పించుకున్నాడు. చీజు ముక్కలు ముట్టనైనా ముట్టకముందే డ్వేన్, "పొగ ఏదీ? కట్టె ఏదీ?" అని మొదలుపెట్టాడు.

"ముందు తాగండి" అన్నాను.

మనిషికి రెండేసి చిన్న గ్లాసులు పోశాను. ఒక గ్లాసు మీద ఎర్ర మూత, ఒకదాని మీద పచ్చ మూత పెట్టాను. ఏది ఏదో చెప్పలేదు. జడ్జిగారు ముందు చెప్పాలి కదా అని డ్వేన్ వైపు చూశాను. అతనికది నచ్చింది. పచ్చ మూతది ఎత్తి వెలుతురులో చూశాడు, వాసన పట్టాడు, తాగాడు. మళ్లీ తాగాడు. మూడోసారి కూడా తాగి అప్పుడు దించాడు.

"ఇది ఎవరు కాచారు? శుభ్రంగా ఉంది. చాలా శుభ్రంగా ఉంది. ఇలాంటిది మన ఊళ్లో తాగి ఎన్నాళ్లయిందో."

ఎర్ర మూతది ఒక్క గుక్క. మొహం ముడుచుకుపోయింది.

"థూ. యాష్‌ట్రే నాకినట్టుంది. ఇది బీరు కాదు, అగ్నిప్రమాదం."

అందరూ తలలూపారు. ఎర్రది బాగుందన్నవాడు ఒక్కడూ లేడు. జేబులోంచి ఆ మార్కుల కాగితం తీశాను. అందరికీ వినబడేలా చదివాను.

"'యాపిల్ కట్టె పొగ నిండుగా, మర్యాదగా ఉంది. చెట్టు తీపి కూడా తెలుస్తోంది. చెయ్యి తిరిగిన పని. యాభైకి నలభై ఒకటి. సంతకం, డ్వేన్ హాక్‌బార్త్.' ఇది రాసింది ఆ ఎర్ర మూతకే. పోయినేడు రిబ్బను తెచ్చిన బీరు అదే. అప్పటి సీసాయే."

పైన మైరన్ సాసేజీలు చిటపటలాడడం వినిపించింది. 

"కట్టె లేదు" అన్నాను. "ఎప్పుడూ లేదు. కాయిల్ మీద గోధుమపిండి మాడింది. రెండేళ్లు తోమలేదు. ఫారంలో యాపిల్ అని రాసింది అబద్ధం. మా అక్క కట్టె పంపిందన్నది అబద్ధం. పచ్చ మూతది పోయిన నెల కాచాను, తోమిన కాయిల్ మీద. నాకు చేతనైంది అదీ."

రిబ్బను తీసి ఓరిన్ చేతిలో పెట్టాను. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూశారు.  ఉంచుకోమ్మా, ఫరవాలేదులే అంటారేమో, అది నేను ఎలా భరించాలా అని భయం వేసింది. ఆయన అలా అనలేదు. రిబ్బను మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు.

"ఇది క్లబ్బుది. దక్కించుకోవాలంటే మళ్లీ గెలువు" అన్నారు. తర్వాత ఖాళీ గ్లాసు నా ముందుకు తోశారు. "పచ్చది ఇంకొంచెం పోయమ్మాయ్. ఆ కాయిల్ ఏదీ, నాకు చూపించు. ఎలా తోమావో మొదటి నుంచి చెప్పు."

చెప్పాను. బడి గంగాళాల నుంచి చెప్పాను. ముందు పొడి, తర్వాత పులుపు. పీచు వద్దు. ప్లగ్గు పీకకుండా చెయ్యి పెట్టొద్దు. నీళ్లు లేకుండా వెలిగించొద్దు. పన్నెండు మంది గంగాళం చుట్టూ తలలు వంచి విన్నారు. ఇద్దరు రాసుకున్నారు. ఒకతను టార్చి అడిగాడు. నాలుగింటికల్లా పీపా ఖాళీ.

డ్వేన్ మాత్రం ఎప్పుడు వెళ్లాడో నేను చూడనే లేదు.

రిబ్బను లేదు. గోడ మీద దాని మేకు ఉంది. ఎంత హాయిగా ఉందో!

మార్చి 16, ఆదివారం

చర్చి నుంచి వచ్చి కోటు కూడా విప్పలేదు, తలుపు కొట్టారు. డ్వేన్. చేతిలో రొట్టె వచ్చే పొడవాటి సంచి. దెబ్బలాటకొచ్చాడేమోనని మైరన్ నా వెనక నిలబడ్డాడు.

"నీతో పనుంది" అన్నాడు డ్వేన్. మైరన్‌ను చూసి గొంతు తగ్గించాడు. "ఆ పొడి... ఎంత వెయ్యాలన్నావు?"

సంచి విప్పాడు. కాయిలే. కాయిల్ అని తెలిసింది కొసన ఉన్న వైర్ల వల్ల. మిగతాదంతా బొగ్గు.

"తోమి ఎన్నాళ్లయింది?"

"తోమాలని నిన్నే కదా తెలిసింది. పదకొండేళ్లు."

 నా జన్మలో అంత కష్టపడి నోరు మూసుకున్నది లేదు. మైరన్ దగ్గొచ్చినట్టు నటించి లోపలికి పోయాడు.

కిందికి తీసుకెళ్లి నా గంగాళంలో నీళ్లు పెట్టాను, పొడి వేశాను. వేడెక్కాక ప్లగ్గు పీకి, అతని కాయిల్‌ని వైర్లు తడవకుండా తాడుతో వేలాడదీశాను. డ్వేన్ బల్ల మీద కూర్చుని గంటకోసారి మూత తీశాడు. భోజనం మాతోనే చేశాడు. సాయంత్రం నాలుగుకు మొదటి పెచ్చు ఊడింది, గోధుమరంగు చార నీళ్లలోకి పాకింది. తర్వాత ఇంకోటి. అతను గంగాళం మీదికి వంగి ఆ నీళ్ల వాసన చూశాడు.

"వెర్నా" అన్నాడు.

"ఊఁ."

"అదిగో, నా టాఫీ."